పక్క కుర్చీ

హెడ్ క్లర్కు తాళాల గుత్తి పట్టుకుని క్లాసు గుమ్మంలో నిలబడేసరికి, భూగోళం మేడమ్ చేతిలో సుద్దముక్క నది మధ్యలో ఆగిపోయింది. ఆయన నోరు విప్పాల్సిన పని లేదు. ఆ గుత్తి బయటికొచ్చిందంటే ప్రిన్సిపాల్ గది ఖాళీ అయిందని ఆ కాలేజీలో గోడలకి కూడా తెలుసు. వెనక బెంచీలో ఎవరో "అయిపోయిందిరా" అన్నారు. "ఈయన ఒక్క వానాకాలం కూడా చూడలేదు" అన్నాడు పక్కవాడు.

"మేడమ్, సారు..." అని హెడ్ క్లర్కు నసిగాడు.

"ఈ నది సముద్రంలో కలిసేదాకా ఆగండి," అంది ఆమె.

నదిని సముద్రం దాకా తీసుకెళ్ళి, చివర పాయలు పాయలుగా విడదీసి, చేతులు దులుపుకుని గుత్తి అందుకుంది. అది ఎప్పటిలాగే బరువుగా ఉంది. ముందు బెంచీలో అమ్మాయి, రేపటి నుంచి ఈ పాఠం ఎవరు చెబుతారు మేడమ్ అని అడిగింది. ఎవరో ఒకరు వస్తారులేమ్మా అంది ఆమె. ఆ మాట ఎన్ని బ్యాచీలకి చెప్పిందో ఆమెకే గుర్తులేదు. ప్రిన్సిపాల్ పోయినప్పుడల్లా ఆమె ఇన్‌చార్జి. ఆమె ఇన్‌చార్జి అయినప్పుడల్లా భూగోళం పిల్లలు అనాథలు. ఎక్కడి పాఠం అక్కడే వదిలేసి వెళ్ళడం ఆమెకి అలవాటైపోయింది కానీ, వదిలిన ప్రతిసారీ పొయ్యి మీద పాలు మరిచిపోయి వచ్చినట్టు లోపల ఒకటే గుంజాటన.

ప్రిన్సిపాల్ గదిలో నేల గచ్చు మీద గీతలుంటాయి. వచ్చిన ప్రతి ప్రిన్సిపాలూ మొదటి రోజు చేసే పని బల్లని తిప్పించడం. ఒకాయనకి వెలుతురు ఎడమ నుంచి రావాలి. ఒకావిడకి గుమ్మం ఎదురుగా కనబడాలి. మరొకాయన గోడకి వీపు ఆనించకపోతే నిలకడ ఉండదన్నాడు, ఆనించినా ఉండలేదు. బల్లకాళ్ళు గీసిన ఆ గీతలు చూస్తే చాలు, వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ వరసగా గుర్తొస్తారు. కుండీల సారు వరండా నిండా మొక్కలు పెట్టించి, అవి వేళ్ళూనకముందే ఇంతకన్నా పెద్ద కాలేజీకి వెళ్ళిపోయాడు. మీటింగుల మేడమ్‌కి ఈ ఊరి నీళ్ళు పడలేదు. ఇప్పుడు వెళ్ళిన ఫోను సారు, హాజరు దగ్గర్నుంచి సెలవు దాకా అంతా ఫోనులోనే నడవాలన్నాడు. తన రాజీనామా కూడా ఫోనులోనే పంపాడు.

అసలు కారణం నీళ్ళూ కాదు, గోడా కాదు. కమిటీ చైర్మన్‌కి ఊళ్ళో కలప డిపో ఉంది. మనిషి మంచివాడే, ఎవరినీ ఒక్కమాట అనడు. కానీ రోజూ పొద్దున్నే ప్రిన్సిపాల్ గదికి వచ్చి ఒక టీ తాగుతాడు. ఆ టీ మధ్యాహ్నానికి గాని అయిపోదు. ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలో, ఎవరి అబ్బాయికి సీటివ్వాలో, గేటుకి ఏ రంగు వేయించాలో ఆ టీ కప్పు ఖాళీ అయ్యేలోపే తేలిపోతుంది. వచ్చినవాళ్ళు కొన్నాళ్ళు నవ్వుతారు, తర్వాత మొహం మాడ్చుకుంటారు, ఆ తర్వాత పెట్టె సర్దుకుంటారు.

భూగోళం మేడమ్ ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు మాత్రం చైర్మన్ టీకి రాడు. రావాల్సిన అవసరం కనబడదు.

దానికి కారణం పక్క కుర్చీ. ఆమె ఉద్యోగంలో చేరినప్పుడు ఆ గదిలో ఉన్నది పెద్ద మేడమ్. ఈమెకి చదువు చెప్పిన మనిషే. కాలేజీకి పునాది తవ్విన నాటి నుంచీ ఉన్నావిడ. ఆవిడ మోచేతులు ఆనీ ఆనీ కుర్చీ చేతుల మీద పాలిష్ కూడా పోయింది. పెద్ద మేడమ్ రిటైరైన మర్నాడు కమిటీ వాళ్ళు, కొత్తవారు వచ్చేదాకా నువ్వు చూసుకోమ్మా అని ఈమెకి అప్పగించారు. ఆ కుర్చీలో కూర్చోడానికి ఆమెకి మనసు రాలేదు. వచ్చినవాళ్ళ కోసం వేసిన కుర్చీ ఒకటి బల్ల పక్కకి లాక్కుని, అక్కడి నుంచే పని చేసింది. చైర్మన్ అది చూసి కళ్ళు చెమర్చినంత పనై, మర్యాదంటే ఈమెని చూసి నేర్చుకోవాలని నలుగురిలో చెప్పాడు. ఆ మెప్పు గట్టిగా అతుక్కుపోయింది. తర్వాత ఎప్పుడు ఇన్‌చార్జి వచ్చినా హెడ్ క్లర్కే ముందుగా వచ్చి, పెద్ద కుర్చీకి ప్లాస్టిక్ కవరు తొడిగి, పక్క కుర్చీ వేసి ఉంచేవాడు.

పక్క కుర్చీకి పక్క కుర్చీ పద్ధతే వచ్చింది. జీతాల బిల్లులు, పరీక్షలు, సెలవులు - రోజువారీ పనులకి సంతకం పెట్టేది. కాస్త ఆలోచించాల్సిన కాగితం ఏదొచ్చినా, "కొత్తవారు వచ్చాక" అని రాసి పక్కన పెట్టేది. లైబ్రరీ పైకప్పు అలా పక్కన పడ్డదే. వాన వస్తే అటెండరు బకెట్లు పట్టుకుని బీరువాల మధ్య పరిగెత్తేవాడు. పుస్తకాల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా చివరికి పుస్తకాల కన్నా పాతబడింది. కొత్తవారు వచ్చి ఆ కాగితం చూసి, ఎలాగూ కొత్త భవనం కట్టిస్తాం కదా అనేవారు. కట్టించకుండానే వెళ్ళిపోయేవారు. కాగితం మళ్ళీ పక్క కుర్చీ దగ్గరికి వచ్చేది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వదిన వాకిట్లో కూర్చుని గుండీలు కుడుతోంది. భర్తకి అక్క. నోరు కాస్త ఎక్కువ. తన భర్త పోయినప్పటి నుంచీ వీళ్ళ దగ్గరే ఉంటోంది. బ్యాగులో గుత్తి గలగలమనగానే తల ఎత్తకుండానే అంది.

"మళ్ళీ మెళ్ళో కట్టారా?"

"కట్టారు వదినా."

"నీకేమో గాని, నాకు సిగ్గుగా ఉందే. పెళ్ళికొడుకు వచ్చేదాకా పీట మీద కూర్చోబెట్టడానికి నువ్వు దొరికావు వాళ్ళకి. ఆ పీట మీద కూడా కూర్చోవు, పక్కన కూర్చుంటావు. ఈసారైనా నాకివ్వండని నోరు తెరిచి అడుగుతావా లేదా?"

ఆమె కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళింది. భర్త మందుల షాపు మూసి వచ్చాక అన్నం దగ్గర వదిన మళ్ళీ ఆ మాటే ఎత్తింది. ఆయన దేనికీ తొందరపడే మనిషి కాదు. మందు చీటీ చదివినట్టు భార్య మొహంలోకి కాసేపు చూసి, వాళ్ళ సంగతి సరే, నీకు కావాలా అని అడిగాడు.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనని తాను అడగలేదు. అక్కర్లేదండీ, నా పాఠాలు నాకు చాలు అనడానికి నోరు తెరిచింది. ఆ మాట రాలేదు. పాఠాలు ఎక్కడున్నాయి గనక. ప్రిన్సిపాలూ కాలేదు, టీచరుగానూ సగమే మిగిలింది. రిటైరయ్యే రోజు అంత దూరంలో ఏమీ లేదు. ఆ రోజు పూలదండ వేసి ఏమని చెబుతారు ఈమె గురించి? చాలాసార్లు తాళాలు దాచింది అని చెబుతారా?

"కావాలి," అంది చివరికి. అన్నాక తనకే వింతగా అనిపించి, గబగబా మజ్జిగ కలుపుకుంది.

మర్నాడు కలప డిపోకి వెళ్ళింది. రంపం మోతలో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. చైర్మన్ రంపం ఆపించి, ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, మూడోసారి విన్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. సొంత చెల్లెలు ఆస్తిలో వాటా అడిగితే ఎలా ఉంటుందో అలాంటి ఆశ్చర్యం ఉంది.

"మీరుండబట్టే కదమ్మా, ఎవరు పోయినా మాకు నిద్ర పడుతోంది. మిమ్మల్ని ప్రిన్సిపాల్ని చేసేస్తే, రేపు మళ్ళీ ఖాళీ వచ్చినప్పుడు మధ్యలో ఎవరుంటారు?"

"నేను ప్రిన్సిపాల్నైతే ఖాళీ ఎందుకొస్తుందండీ?"

ఆయన ఆ మాట అర్థం చేసుకోడానికి నిజంగానే ప్రయత్నించాడు. తర్వాత నవ్వి, దానికేం, మీరూ అప్లై చేయండమ్మా, బయటి నుంచి ఒక పెద్దాయన్ని పిలిపిస్తున్నాం, ఆయన ఎలా అంటే అలా అన్నాడు. రంపం మళ్ళీ మొదలైంది.

ఇంటర్వ్యూ ఏర్పాట్లన్నీ ఇన్‌చార్జివి. అంటే తన ఇంటర్వ్యూకి తనే బల్లలు వేయించింది, తనే టీలు చెప్పింది. వచ్చినవాళ్ళు కూర్చోడానికి వరండాలో కుర్చీలు చాలకపోతే, గదిలోని పక్క కుర్చీ కూడా బయటికి తెప్పించింది. చివరికి ఆ కుర్చీలోనే, వరసలో చిట్టచివర, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని తనూ కూర్చుంది. పక్కన కూర్చున్న కోటు సారు చాలా హుషారుగా ఉన్నాడు. ఆమెని ఆఫీసు మనిషి అనుకుని, కాసిని మంచినీళ్ళు దొరుకుతాయామ్మా అని అడిగాడు. ఆమె లేచి తెచ్చి ఇచ్చింది. అలా లేవడం తనకి ఎంత తేలిగ్గా వచ్చిందో గ్లాసు అందిస్తుండగా గమనించింది.

లోపల ఈలోగా ఇంకో సంగతి జరిగింది. బయటి నుంచి వచ్చిన పెద్దాయన రిటైరైన ప్రొఫెసరు. ఆయన్ని పెద్ద కుర్చీలో కూర్చోమన్నారు. కూర్చోబోయి ఆగి, దీనికి ప్లాస్టిక్ కవరెందుకని అడిగాడట. హెడ్ క్లర్కు ఎంతో గర్వంగా, మా ఇన్‌చార్జి మేడమ్ ఇందులో కూర్చోరండీ, పక్కనే కూర్చుంటారు, అంత మర్యాద అని చెప్పాడట. ఆమెకి మేలు చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

ఆమె వంతు వచ్చింది. కమిటీ వాళ్ళు ముందుగా ఆమె సేవల గురించి చాలాసేపు పొగిడారు. ఆ పొగడ్త వింటుంటే తనకి వీడ్కోలు చెబుతున్నట్టు అనిపించింది. పెద్దాయన పొగడలేదు.

"ఈ కుర్చీలో ఎందుకు కూర్చోలేదమ్మా?"

"కూర్చుంటే మళ్ళీ లేవాల్సి వస్తుందని," అంది ఆమె.

ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి జారిపోయింది. చైర్మన్ పకపకా నవ్వాడు, మిగతావాళ్ళూ నవ్వారు. పెద్దాయన నవ్వకుండా కవరు మడత ఒకటి వేలితో సరిచేసి, ఇన్నిసార్లు ఇన్‌చార్జిగా ఉన్నారు కదా, మీ అంతట మీరు తీసుకున్న నిర్ణయం ఒకటి చెప్పండి అన్నాడు. గొంతులో వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగాడు.

ఆమె వెతికింది. నిజంగానే వెతికింది. కాగితాలన్నీ కళ్ళముందు తిరిగాయి. ప్రతి దాని మీదా తన చేతిరాతే, కొత్తవారు వచ్చాక, కొత్తవారు వచ్చాక. హెడ్ క్లర్కు గుమ్మం దగ్గర నిలబడి, పిల్లాడు పద్యం మరిచిపోతే తల్లి పెదాలు కదిపినట్టు ఏదో అందించబోయాడు గాని, ఆయనకీ ఏమీ దొరకలేదు.

"కాలేజీ ఒక్కరోజు కూడా మూతపడలేదండీ," అంది.

పెద్దాయన తల ఊపాడు. ఆ ఊపడంలో గౌరవం ఉంది. ఇంకేమీ లేదు.

బయటికొచ్చి టీ కప్పులు కడిగే కుళాయి దగ్గర మొహం మీద నీళ్ళు చల్లుకుంటుంటే గంట కొట్టారు. చివరి గంట. పిల్లలు బిలబిలమంటూ గేటువైపు, బస్సు కోసం పరిగెత్తారు. అప్పుడు గుర్తొచ్చింది. ఒకసారి తను ఇన్‌చార్జిగా ఉండగా సాయంత్రం బస్సు వేళ ముందుకి జరిపారు. దూరం నుంచి వచ్చే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, చివరి పీరియడు మధ్యలోనే సంచులు సర్దుకునేవాళ్ళు. కొందరు చదువే మానేద్దామనుకున్నారు. ఆమె ఎవరినీ అడక్కుండా పొద్దుటి గంటని అరగంట ముందుకి జరిపించింది. సాయంత్రం గంట దానంతటదే ముందుకొచ్చింది. తర్వాత వచ్చినవాళ్ళు బల్ల తిప్పారు, గేటు రంగు మార్చారు, హాజరు పద్ధతి మార్చారు. ఆ గంట జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అది నిర్ణయం అని ఆమెకి ఎప్పుడూ తోచలేదు. పిల్లలకి బస్సు తప్పిపోతోంది, అంతే.

తిరిగి లోపలికి వెళ్ళి చెబుదామా అనుకుంది. నాలుగడుగులు వేసింది కూడా. కోటు సారుని మళ్ళీ లోపలికి పిలిచినట్టున్నారు, గదిలోంచి ఆయన గొంతు, దాని వెనకే చైర్మన్ నవ్వు వినబడ్డాయి. మళ్ళీ కుళాయి దగ్గరికే వచ్చి, మిగిలిన కప్పులు రెండు కడిగి బోర్లించింది.

కోటు సారునే తీసుకున్నారు. చైర్మన్ స్వయంగా ఫోను చేసి, పెద్దాయన మీ గురించి చాలా మంచిగా చెప్పారమ్మా అన్నాడు. వదిన ఆ సంగతి విని ఏమీ అనలేదు. వదిన ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. భర్త మాత్రం తలనొప్పి మాత్ర, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. తలనొప్పిగా ఉందని ఆమె చెప్పలేదు.

కొత్తాయన చేరడానికి ఇంకా కొన్ని రోజులుంది. అందాకా ఆమే. మర్నాడు గదిలోకి వెళ్ళేసరికి పక్క కుర్చీ లేదు. ఇంటర్వ్యూ తర్వాత వరండాలో కుర్చీలన్నీ పోగుచేసి పరీక్షల స్టోరులో పడేసి తాళం వేశారట. ఆ తాళం చెవి ఉన్న మనిషి సెలవు. హెడ్ క్లర్కు కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగి, స్టాఫ్ రూములోంచి ఒకటి పట్టుకొస్తానుండండి మేడమ్ అన్నాడు.

ఆమె మెట్లెక్కి వచ్చిన అలసటలో ఉంది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. ఎదురుగా ఒక కుర్చీ ఖాళీగా ఉంది. కవరు తీసి పక్కన పడేసి, కూర్చుంది.

అది ఎడమవైపుకి ఒరిగింది. కింద ఏదో బోల్టు వదులైనట్టుంది, కాస్త అటు బరువు వేస్తే చాలు, కిర్రుమని వంగుతోంది. చేతులు ఎత్తుగా ఉన్నాయి, వీపుకి ఏదో గుచ్చుకుంటోంది. ఇంతకాలం తను పక్కన కూర్చుని దణ్ణం పెట్టినంత పని చేసింది దీనికా అనుకుంటే ఆమెకి నవ్వొచ్చింది. ఇందుకేనేమో ఎవరూ నిలబడరని హెడ్ క్లర్కుతో అంది. ఆయన నవ్వాలో వద్దో తెలియక ఫైలు ముందు పెట్టాడు.

పైన లైబ్రరీ కాగితం. ఆమె రాసే మాట ఆయనే పెన్సిల్‌తో ముందుగా రాసి ఉంచాడు, పని తేలికవుతుందని. ఆమె రబ్బరు అడిగి తీసుకుని, దాన్ని చెరిపి, మరమ్మతు మొదలుపెట్టమని రాసి సంతకం చేసింది. అంత చిన్న మరమ్మతుకి ఆ సంతకం ఎప్పుడూ చాలు. ఇన్‌చార్జిదైనా చాలు.

"కొత్త సారు ఏమంటారో మేడమ్," అన్నాడు హెడ్ క్లర్కు మెల్లిగా.

"ఏమన్నా తడవకుండా అంటారు."

కొత్తాయన వచ్చాడు. మొదట ఆమెని గుర్తుపట్టి, ఆ రోజు మంచినీళ్ళ సంగతికి నొచ్చుకుని, రెండుసార్లు క్షమించమన్నాడు. తర్వాత బల్లని కిటికీ వైపు తిప్పించాడు. లైబ్రరీ మీద మనుషులు రేకులు విప్పుతుంటే, ఇది ఎవరు చెప్పారని అడిగాడు. నేనే చెప్పానండి అంది. ఆయన ఒక క్షణం ఆలోచించి, మంచిదే అన్నాడు గాని, ఆ మాట చైర్మన్ టీ దాకా వెళ్ళింది. చైర్మన్ ఆమెని వరండాలో ఆపి, బాధగానే, కసురుకోకుండానే చెప్పాడు.

"మీరు కూడా ఇలా చేస్తే ఎట్లాగమ్మా. ఒక్కమాట చెప్పాల్సింది కదా. ఇకమీదట అవసరమొస్తే ఫిజిక్స్ సారుకి అప్పగిద్దామనుకుంటున్నాం. మీకూ విశ్రాంతి."

"మంచిదండీ," అంది ఆమె.

మర్యాద కోసం అన్నది కాదు. గుండెల మీంచి బరువు దిగిందని చెప్పడానికీ లేదు. కావాలని ఒక్కసారి అడిగినది దక్కలేదు, వద్దనుకున్నది కూడా ఇప్పుడు చేజారింది. పొద్దున్నే నిద్రలేచేసరికి ఆ రెండూ ఒకేసారి గుర్తొస్తున్నాయి. కొన్నాళ్ళకి ఒకటి మరుపొస్తుందేమో. ఏది ముందు మరుపొస్తుందో ఆమెకి తెలియదు.

నది దగ్గర ఆపిన పాఠానికి తిరిగి వచ్చింది. మధ్యలో వచ్చిన ఎవరో పర్వతాలు చెప్పేసి వెళ్ళారు, అదీ సగమే. ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. లైబ్రరీ మీద సుత్తి దెబ్బలు పడుతుంటే గొంతు పెంచాల్సి వచ్చేది. పిల్లలు విసుక్కున్నారు. ఆమె విసుక్కోలేదు.

వానలు మొదలయ్యేలోపే కోటు సారు వేరే ఊళ్ళో ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాడని స్టాఫ్ రూములో గుసగుసలు లేచాయి. ఆ మధ్యాహ్నం ఆమె పటాలు చుట్టి మూల పెడుతుంటే, ఫిజిక్స్ సారు అటూ ఇటూ చూసుకుని దగ్గరికొచ్చాడు. మామూలుగా జోకులేసే మనిషి, ఆ రోజు మాత్రం మొహం వాడిపోయి ఉంది.

"మేడమ్, చైర్మన్ గారు కబురు చేశారు. ఒకవేళ నామీద పడితే... అంటే, అందులో కూర్చోవాలా, పక్కన కూర్చోవాలా?"

ఆమె చేతిలోని పటానికి దారం కట్టడం పూర్తిచేసింది.

"అందులోనే కూర్చోండి. కానీ ఎడమవైపుకి ఒరుగుతుంది, చూసుకోండి. ముందు దాని బోల్టు బిగించమని చెప్పండి. కొత్తవారు వచ్చేదాకా ఆగకండి."